గుంటూరులో పది నెలల జిమ్: తరుగు పోను మిగిలింది

ముందే చెబుతున్నా, ఈ జిమ్ పేరు రాయను. ఇందులో పితూరీలు కాస్త ఎక్కువే ఉన్నాయి, ఓనరేమో వారానికి మూడు రోజులు నాకు మెట్ల మీద ఎదురుపడతాడు. కొరిటెపాడు వైపు, కింద బట్టల కొట్టు, పైన రెండో అంతస్తు. లిఫ్టు ఉంది, పనిచేయదు. మొదటి నెల నా వ్యాయామంలో సగం ఆ మెట్లే. ఐదు చుక్కలకి ఎన్ని ఇస్తారంటే మూడున్నర. అందులో రెండున్నర ఒక్క కుర్రాడి ఖాతాలో వేయాలి, ఆ సంగతి తర్వాత చెబుతా.

నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. 26 ఏళ్లుగా కాటా పక్కన కూర్చుని తూకాలు రాసుకోవడం, పట్టీలు, అంటే రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు, కట్టడం నా పని. వయసు 49. సీజన్లో పొద్దున్నే కూర్చుంటే లేచేది రాత్రికే. కూర్చున్న చోటికే టీ వస్తుంది, కూర్చున్న చోటికే బజ్జీలు వస్తాయి. 2024 జూన్‌లో, యార్డుకి సెలవులున్నప్పుడు, మా ఆవిడ పోరు పడలేక రక్తపరీక్ష చేయించుకున్నా. మూడు నెలల సరాసరి చక్కెర చెప్పే హెచ్‌బిఎ1సి 6.2 వచ్చింది. 5.7 నుంచి అంచు మీద ఉన్నట్టు, 6.5 అయితే షుగరు వచ్చేసినట్టు. బీపీ 138/88. బరువు 81 కిలోలు. నడుము 101 సెంటీమీటర్లు, మన మగవాళ్లకి అది 90 దాటకూడదట. "మందులు ఇప్పుడే వద్దు. ఆరు నెలలు ఒళ్లు వంచండి, తర్వాత చూద్దాం" అన్నారు డాక్టరు గారు.

నడక నాకు కొత్త కాదు. అంతకు ముందు ఏడాది ఎన్టీఆర్ స్టేడియంలో పొద్దున్నే నడిచేవాణ్ని, నలుగురు స్నేహితులతో. నడక అరగంట, ఆ తర్వాత నెయ్యి కారప్పొడి ఇడ్లీ ముప్పావు గంట. నా బరువున్న మనిషి అరగంట నడిస్తే ఖర్చయ్యేది 140 కేలరీలు అటూ ఇటూ. ఒక పెద్ద చెంచా నెయ్యిలోనే 120 దాకా ఉంటాయి. మా బండివాడు చెంచాతో వేసే రకం కాదు, గిన్నె వంచేవాడు. ఆ ఏడాది నేను బరువు పెరిగాను.

జిమ్‌లో చేరడానికి మూడు నెలలకి 4,500, అడ్మిషన్ పేరుతో వెయ్యి. కోచ్ దగ్గరుండి చూడాలంటే నెలకి ఇంకో 1,500. వెయ్యి ఎందుకని అడిగితే "సిస్టమ్‌లో ఎంట్రీ అంకుల్" అన్నారు. సిస్టమ్ అంటే ఒక పాత కంప్యూటరు, ఎవరో ఒకరు ఎప్పుడూ దానిలో పాటలు మారుస్తూ ఉంటారు. ఇరవై ఏళ్ల పిల్లల మధ్య నిక్కర్లో నిలబడాలంటే మొదటి వారం సిగ్గేసింది. మా నాన్న తరం వాళ్లు తాలింఖానాలో దండీలు, బస్కీలు తీసేవాళ్లు, మట్టి, గోచీ తప్ప అద్దాలు ఉండేవి కావు. ఇక్కడ నాలుగు వైపులా అద్దాలే. పొట్ట ఏ కోణంలో ఎలా ఉందో అన్నీ చూపిస్తాయి.

చేరిన రోజే ఒక యంత్రం మీద నిలబెట్టి చేతులతో కడ్డీలు పట్టుకోమన్నారు. 300 రూపాయలు. కాగితం బయటికొచ్చింది: కొవ్వు ఇంత, కండ ఇంత, నీ శరీరం వయసు 58. నా గుండె జారింది. ఆ యంత్రం చేసేదల్లా ఒంట్లోకి చిన్న కరెంటు పంపి, అది ఎంత తేలిగ్గా పోతుందో చూసి లెక్క కట్టడమే. ఒంట్లో నీళ్లు ఎక్కువ తక్కువైతే లెక్క కూడా మారుతుంది. రెండోసారి నేను పరీక్ష పెట్టాలని ఖాళీ కడుపుతో ఒకసారి, రెండు గ్లాసుల మజ్జిగ తాగి కాసేపాగి ఇంకోసారి ఎక్కా. కొవ్వు శాతం మారిపోయింది. ఆ కాగితం చూసి భయపడొద్దు, సంబరపడొద్దు. నడుముకి టేపు పెట్టి చూసుకోండి, దానికి 300 అక్కర్లేదు.

ఇక అసలు తూకం కథ. మొదటి రోజు వాళ్ల త్రాసు 82.3 చూపించింది. నెల తిరిగాక 79.9. "అంకుల్, నెలకే రెండున్నర కిలోలు!" అని కౌంటర్ కుర్రాడు బొటనవేలు పైకెత్తించి ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. ఆ సాయంత్రమే యార్డులో, ఎవరూ లేనప్పుడు కాటా ఎక్కా. 81. ఉన్నచోటే ఉన్నా. మర్నాడు మా కొట్లోంచి తూనికల శాఖ ముద్ర ఉన్న 20 కిలోల గుండు సంచిలో వేసుకుని రెండంతస్తులు మోశాను. జిమ్ త్రాసు మీద పెడితే 18.9. కిలో నూరు గ్రాములు తరుగు! ఓనరు వచ్చి "బ్యాటరీ అయిపోయినట్టుందండీ" అన్నాడు. అయ్యుండొచ్చు. కానీ చేరేటప్పుడు ఎక్కువ, నెల తిరిగాక తక్కువ చూపించే బ్యాటరీని నేను 26 ఏళ్లలో ఎక్కడా చూడలేదు. అలాంటి కాటా యార్డులో పెడితే రైతు మా చొక్కా పట్టుకుంటాడు. అదే ఊపులో 10 కిలోల డంబెల్ కూడా ఒకటి అడిగి తీసుకెళ్లి మా కాటా మీద వేశా. 9 కిలోల 640 గ్రాములు. గోతాం తరుగు తీసినట్టున్నారు.

ఇంత జరిగాక మానేయాల్సింది. మానకపోవడానికి కారణం కోచ్ కుర్రాడు.

వాడిది బాపట్ల దగ్గర. కాలేజీలో వెయిట్‌లిఫ్టింగ్ చేశాడు. గోడ మీద రాగాల వెంకట రాహుల్ ఫొటో అతికించాడు, ఓనరు పెట్టిన విదేశీ బాడీబిల్డర్ల పోస్టర్ల మధ్యలో. స్టువర్టుపురం కుర్రాడు, 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలు ఎత్తి బంగారం తెచ్చాడు. "మా వైపు వాడు బాబాయ్" అంటూ ఆ అంకె చెప్పేటప్పుడు వాడి గొంతు మారుతుంది. నన్ను అంకుల్ అనడం మానేసి బాబాయ్ అనడం మొదలుపెట్టిన రోజు నుంచీ నేనూ అబ్బాయ్ అంటున్నా.

రెండు వారాలు నా చేత ఏ బరువూ ముట్టించలేదు. ఒక కుర్చీ వేసి, కూర్చో, లే. కూర్చో, లే. తుంటి వెనక్కి పోవాలి, బరువు మడమల మీద పడాలి, మోకాళ్లు లోపలికి ముడుచుకోకూడదు. ఇది గుంజీలే కదా, బళ్లో తీసినవే కదా అనుకున్నా. పదో సారికి తొడలు వణికాయి. ఆ తర్వాత ఖాళీ రాడ్డు, అదే 20 కిలోలు. పదేసి సార్లు మూడు విడతలు తప్పు లేకుండా చేస్తేనే వచ్చే వారం రెండున్నర కిలోలు పెంచేవాడు. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా పైకి పోతుందని, పైకి లేస్తూ గాలి వదలమని ప్రతిసారీ అరిచేవాడు. ఇవన్నీ ఒక పొడుగాటి నోటుబుక్కులో తేదీ వేసి రాసుకుంటాడు. సూక్ష్మంగా చెప్పాలంటే నేను పడిపోయింది ఆ చిట్టాకే. లెక్క రాసే మనిషిని నమ్మడం నాకు అలవాటు.

షుగరుకీ కండకీ సంబంధం ఏంటని అడిగితే వాడు తనకి తెలిసినంత చెప్పాడు, మిగతాది డాక్టరు గారు చెప్పారు. నాకర్థమైంది మా యార్డు భాషలో చెబుతా. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరలో ఎక్కువ భాగాన్ని దాచుకునే కోల్డ్ స్టోరేజీ మన కండరాలే. ఏప్రిల్లో కోల్డ్ స్టోరేజీలు నిండిపోతే లారీలు రోడ్డు మీద బారులు తీరతాయి చూడండి, కండ తగ్గి, కదలకుండా కూర్చుంటే చక్కెరకీ అదే గతి, రక్తంలోనే తిరుగుతుంది. మామూలుగా ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టాలి. పనిచేసిన కండరం మాత్రం దాన్ని అంతగా ఎదురుచూడకుండానే తలుపు తీస్తుంది. అందుకే రాత్రి భోంచేశాక పావుగంట వీధిలో నడిచినా ఫలితం కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క కూడా ఇలాంటిదే: వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో నడకలాంటిది, దానితో పాటు కనీసం రెండు రోజులు కండకి పని. ఆ రెండో ముక్క నాకు ఎవరూ ఇంతకు ముందు చెప్పలేదు. చెప్పినా వినలేదేమో.

ఈ మాట మా హమాలీ మేస్త్రి దగ్గర అన్నా ఒకరోజు. నలభై అయిదు కిలోల టిక్కీ, అంటే మిర్చి బస్తా, అతని వీపు మీద ఉంది. దింపి, తుండుతో మొహం తుడుచుకుని, "మేం మోస్తే మాకు డబ్బులిస్తారు. తమరు డబ్బులు కట్టి మోస్తున్నారా?" అన్నాడు. నాకు జవాబు రాలేదు. అతనికి నడుం నొప్పి పదేళ్లుగా ఉంది, ఘాటుకి దగ్గు ఉంది. రెండున్నర కిలోలు తగ్గిద్దామని, రేపు విశ్రాంతి తీసుకోమని అతనికి చెప్పే కోచ్ లేడు.

తిండి దగ్గరికొద్దాం. ఇక్కడ జిమ్‌కి సున్నా మార్కులు.

డైట్ చార్ట్ అని ఒక జిరాక్స్ కాగితం ఇచ్చారు. నాకూ అదే, పక్కన పందొమ్మిదేళ్ల పిల్లాడికీ అదే. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం కినోవా, సాయంత్రం ఆవకాడో, రాత్రి బ్రకోలీ. మా ఆవిడ చదివి, "ఫరవాలేదండీ, సాయంత్రం ఆవకాయ తినమన్నాడు" అంది. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చదివాక కాగితం మడిచి డబ్బా కింద పెట్టేసింది. ఇప్పటికీ అక్కడే ఉంది, నూనె డబ్బా మరక పడకుండా.

చార్ట్ తర్వాత పౌడర్. "ప్రోటీన్ లేకపోతే కండ రాదు అంకుల్" అంటూ కౌంటర్ మీద రెండు కిలోల డబ్బా పెట్టారు. ధర మా ఇంటి నెల పాల బిల్లు కంటే ఎక్కువ. ప్రోటీన్ కావాలన్నది నిజమే. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు, అంటే 81 కిలోల నాకు 67 గ్రాములు. అదే సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కండ కోసం ప్రోటీన్ సప్లిమెంట్ల జోలికి పోవద్దని కూడా ఉంది. ఇది ఓనరుకి చూపిస్తే "అవి మామూలు జనానికండీ" అన్నాడు. నేను మామూలు జనమే కదా!

ఆ 67 ఎక్కడినుంచి తేవాలో మా ఆవిడా నేనూ ఒక ఆదివారం కూర్చుని లెక్క వేశాం. అప్పటిదాకా నా పళ్లెం ఎలా ఉండేదంటే, అన్నం మూడు సార్లు, పప్పు వేలితో నాకేంత, మాగాయో ఆవకాయో ప్రతి పూటా, చివర్లో మజ్జిగ. ఇప్పుడు పొద్దున పొట్టు పెసలతో రెండు పెసరట్లు, ఉప్మా లేకుండా. గుప్పెడున్నర పెసలంటే 60 గ్రాములు, దాన్లోనే 14 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. ఉడికించిన గుడ్లు రెండు, ఒక్కోదానికి ఆరు. మధ్యాహ్నం పప్పు గట్టిగా, తోటకూరో గోంగూరో వేసి, గరిటెడు కాదు గిన్నెడు. అన్నం ఒక్కసారే. గడ్డ పెరుగు ఒక కప్పు. సాయంత్రం బజ్జీల వేళకి ఇంటినుంచి డబ్బాలో శనగ గుగ్గిళ్లు. రాత్రి రెండు జొన్న రొట్టెలు, కూర. ఆదివారం కోడి గానీ చేప గానీ. ముందు కూరా పప్పూ కాస్త తిని తర్వాత అన్నం కలుపుకుంటే చక్కెర నెమ్మదిగా ఎక్కుతుందన్నారు డాక్టరు గారు. "ముందు ఉత్తి కూర తినడమేంటండీ, జ్వరం వచ్చినవాళ్లలా" అని మా ఆవిడ వారం రోజులు మొహం అటు తిప్పుకుంది.

అన్నిటికన్నా కష్టమైంది పచ్చడి. రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలి, ఒక చిన్న చెంచాడు. మా ఇంట్లో ఆ చెంచా ఆవకాయ ముక్కల్లోనే అయిపోయేది. గుంటూరులో పుట్టి పచ్చడి మానేశానని చెప్పుకోవడం నాకిష్టం లేదు. మానలేదు. బుధవారం, ఆదివారం తింటున్నా. మొదటి నెల బుధవారం కోసం చిన్నపిల్లాడిలా ఎదురుచూశా.

మనసు సంగతి రాయాలా వద్దా అనుకున్నా. రాస్తా. సీజన్లో నాకు తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. ఏ వ్యాపారి డబ్బు ఇంకా రాలేదు, ఏ రైతుకి పట్టీ ఆగింది, ఇవే తిరుగుతూ ఉండేవి. పొద్దున లేచాక ఇంట్లో అందరి మీదా చిరాకు. నన్ను ఎవరూ జబ్బు మనిషి అనలేదు, నేనూ అనుకోలేదు, యార్డులో అందరం ఇంతేలే అనుకున్నా. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు మా కొట్టు ముందు రైతులు టిక్కీల మీద కూర్చుని లేవలేదు. రైతుని ఆదుకునే ధర క్వింటాలుకి 11,781 రూపాయలు అని కేంద్రం ప్రకటించాక కూడా గొడవ సద్దుమణగలేదు. ఒక పెద్దాయన నా చేతిలో పట్టీ చూసి మాట్లాడకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిట్టినా బావుండేది.

ఆ రోజు ఇంటికి పోకుండా జిమ్‌కి పోయా. కుర్రాడు నా మొహం చూసి, "ఇవాళ బరువు పెంచొద్దు బాబాయ్, పోయినసారిదే చెయ్" అన్నాడు. నలభై కిలోలు వీపు మీద ఉన్నప్పుడు ఇంకో ఆలోచన పట్టదు, మడమలు, మోకాళ్లు, గాలి, అంతే. ఇంటికెళ్లి తిని పడుకుంటే మెలకువ వచ్చింది అయిదున్నరకి. రైతు బాధ తీరలేదు, నా పనీ మారలేదు. నిద్ర మాత్రం పట్టింది. నిద్ర పట్టిన మనిషి మర్నాడు కాస్త మెత్తగా మాట్లాడతాడని మా ఆవిడ సాక్ష్యం చెబుతుంది. వ్యాయామంతో దిగులు, ఆందోళన తగ్గుతాయని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నదే, నాకు ఆలస్యంగా తెలిసింది.

అయితే ఇక్కడే ఒక విషయంలో గట్టిగా పోట్లాడా. మాతో వచ్చే ఒకాయన మానసిక వైద్యుడి దగ్గర మందులు వాడుతున్నాడు. కౌంటర్లో ఒకడు "ఇక్కడికి వస్తున్నావుగా అన్నా, ఇంక ఆ బిళ్లలెందుకు" అన్నాడు. ఆయన నిజంగానే ఆపేశాడు, రెండు వారాలకి ఇంట్లోంచి కదల్లేదు. నేనూ కోచ్ కుర్రాడూ వెళ్లి మళ్లీ డాక్టరు దగ్గరికి పంపాం. బస్కీలు తీస్తే మందులు ఆపొచ్చని చెప్పే హక్కు జిమ్ వాడికి ఎవడిచ్చాడు? ఎవరికైనా చెప్పుకోవడానికి మొహమాటంగా ఉంటే మానసిక సమస్యలకి ప్రభుత్వం వారి ఫోన్ సాయం టెలిమానస్, నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు.

మిగతా పితూరీలు గబగబా. ట్రెడ్‌మిల్లులు మూడు, ఒకదాని బెల్టు సంక్రాంతి నుంచి ఉగాది దాకా తెగే ఉంది. ఏసీ సాయంత్రం ఆరు తర్వాతే వేస్తారు, గుంటూరు ఏప్రిల్లో నాలుగింటికి వెళ్లినవాడు ఆవిరి కుడుమే. పాటల మోత. బాత్రూములో గొళ్లెం లేదు. ఆడవాళ్లకి పది నుంచి పన్నెండు అని వేరే వేళ పెట్టారు, మంచిదే, కానీ ఆ వేళకి నేర్పేవాళ్లు ఎవరూ ఉండరు. మా ఆవిడ నాలుగు రోజులు వెళ్లి, అద్దాలు తుడవడానికి నన్ను పిలిచారా అని మానేసింది. ఇప్పుడు ఇంట్లోనే కుర్చీ మీద కూర్చుని లేస్తోంది, నేను నేర్పినట్టు. నాకంటే బాగా లేస్తోంది.

పది నెలల తర్వాత నా పట్టీ: బరువు 78, అంటే పోయింది మూడు కిలోలే. మా వాళ్లు ఇంతేనా అన్నారు. నడుము 94, ప్యాంట్లు రెండు కుట్టించుకున్నా. బీపీ 126/82. హెచ్‌బిఎ1సి డిసెంబర్లో 5.9, ఏప్రిల్లో 5.8, ఇంకా అంచు మీదే, కానీ వెనక్కి జరుగుతున్నా. రాడ్డు మీద 50 కిలోలు, ఒక టిక్కీ కంటే ఎక్కువ.

వెళ్లాలనుకునేవాళ్లకి నా సలహా, కోచ్ కోసం ఆ 1,500 కట్టండి, పౌడరుకీ కాగితానికీ కట్టొద్దు. సోమవారం సాయంత్రం వెళ్లకండి, ఊరంతా అక్కడే ఉంటుంది. చేరే ముందు మూడు నెలలకే కట్టండి, ఏడాదికి కడితే తగ్గిస్తామంటారు గానీ కోచ్ ఈలోపు వేరేచోటికి పోతే మీరేం చేయలేరు. నేను మాత్రం త్రాసు మార్చితేనే మళ్లీ కడతానని భీష్మించా. పోయిన వారం కొత్తది తెచ్చారు. డబ్బు కట్టి, కొట్టుకెళ్లి గుండు తెచ్చి పెట్టి చూశా. 20 కిలోల 200 గ్రాములు. ఓనరు నావైపే చూస్తున్నాడు. గుండు సంచిలో వేసుకుని ఏమీ అనకుండా మెట్లు దిగొచ్చా.